గని బట్ట, చర్చి బట్ట

కొత్తగూడెం కార్మికుల క్వార్టర్లలో ఆరోగ్యమ్మ సూదికి రెండు ధర్మాలుండేవి. గనిలోకి తొడుక్కుపోయే బట్ట చిరిగితే చేతికి దొరికిన గుడ్డముక్క అతికించి, గోనెసంచులు కుట్టే నల్లదారంతో వేలెడేసి కుట్లు వేసి పడేసేది. భూమి అడుగున చీకట్లో చూడొచ్చేదెవరు? ఆదివారం చర్చికి వేసుకునే బట్ట చిరిగితే మాత్రం ఆమె వేరే మనిషైపోయేది. ఆ బట్ట అంచు మడతలోంచే పోగులు లాగి, సన్నసూదితో పడుగులో పడుగు, పేకలో పేక కలిపి, అక్కడ అసలు చిరుగనేదే పుట్టలేదన్నట్టు రఫు చేసేది. ఈ తేడా ఆమె కూతురికి తెలుసు, అల్లుడికి తెలుసు, వాడకట్టు మొత్తానికి తెలుసు. తెలియనిది మనవరాలు మహిమకే. ఆ పిల్ల హైదరాబాదులో బట్టల చదువే చదువుతోంది మరి.

రెండువేల ఆరు వేసవి అది. మహిమది ఫ్యాషన్ డిజైన్ ఆఖరి సంవత్సరం. ఒకే ఆలోచనలోంచి పుట్టిన ఆరు జతల బట్టలు కుట్టి పరీక్షకు పెట్టాలి. దాన్ని కలెక్షన్ అంటారు. క్లాసులో ముప్ఫైమంది ఉంటే ఎనిమిది మంది కలెక్షన్లే చివరి షోకి ఎక్కుతాయి. ఆ షో చూడటానికి బెంగళూరు కంపెనీలవాళ్ళు వస్తారు, ఉద్యోగాలు అక్కడికక్కడే ఇచ్చిపోతారు. ఎక్కనివాళ్ళ సంగతి ఎవరూ మాట్లాడరు. మహిమకు మాత్రం తన సంగతి బాగా తెలుసు. మళ్ళీ రైలెక్కి ఈ క్వార్టర్‌కే వచ్చి, ‘ఇక్కడ జాకెట్లు కుట్టబడును’ అని కిటికీకి అట్టముక్క కట్టుకోవడమే. ఆ అట్టముక్క ఆమెకు కలల్లో కూడా వచ్చేది.

గైడు నాగలత మేడమ్ అప్పటికే రెండుసార్లు ఆమె గీసిన బట్టల బొమ్మలు తిప్పికొట్టింది. మొదటిసారి కోటగోడలు, రెండోసారి సీతాకోకచిలుకలు. ఇవి పుస్తకాల్లోంచి వచ్చాయి, నీలోంచి రాలేదు, ఇంటికెళ్ళి వెతుక్కో అంది. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని లోకమంతా అనుకుంటుంటే ఈవిడ పెరట్లోకే తరుముతోందని మహిమ రైలు పొడుగునా గొణుక్కుంది. దిగింది భద్రాచలం రోడ్డు స్టేషన్లో. కొత్తగూడెం స్టేషను పేరు అదే. ఆ బోర్డు నమ్మి, రాముణ్ణి చూద్దామని దిగే కొత్తవాళ్ళు, భద్రాచలానికి ఇంకా గంటకు పైగా బస్సులో పోవాలని తెలిసి బిక్కమొహం వేస్తుంటారు. ఆ రోజు మహిమ మొహమూ అట్లాగే ఉంది.

ఇంటికొచ్చిన మూడోరోజున మంచం కింది ఇనప్పెట్టెలో తాత చొక్కా దొరికింది. తాత జోయెల్ గనిలో కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని చేసేవాడు. అడవి నుంచి వచ్చిన దుంగలు మోసి మోసి ఆయన చొక్కాలన్నీ కుడిభుజం దగ్గరే చిరిగేవి. ఆయన పోయి పదకొండేళ్ళయింది. ఆ ఖాకీ భుజం మీద మాత్రం అతుకు మీద అతుకు, అమ్మమ్మ పాతచీర ముక్కలు, ఉతికినా పోని బొగ్గు, వాటన్నిటినీ పట్టి ఉంచిన లావుపాటి నల్లకుట్లు అట్లాగే ఉన్నాయి. మహిమ దాన్ని గుమ్మంలో వెలుగుకు పట్టి చూసింది. కిందపెట్టబుద్ధి కాలేదు. మూడేళ్ళ చదువులో ఏ పుస్తకం చూసినా ఆమెకు అట్లా అనిపించలేదు.

ఖమ్మం వెళ్ళి తెల్లటి చేనేత బట్ట తెచ్చింది. ఆరు జతలు కుట్టింది. ప్రతిదాన్నీ కుడిభుజం దగ్గర జానెడు పొడుగున చేతులారా చింపింది. ఆ చిరుగుల మీద తాత చొక్కా మీదున్నట్టే నల్లకుట్లు పడాలి. తనే వేద్దామని ఒక గుడ్డముక్క మీద ప్రయత్నించింది గానీ, కాలేజీలో కుదురు నేర్చుకున్న చేతికి ఆ తొందర, ఆ మొరటుతనం రాలేదు. అమ్మమ్మ వేస్తే తప్ప కుదరదు.

చిక్కల్లా అమ్మమ్మ కళ్ళతోనే. కుడికన్ను ఎప్పుడో పోయింది. ఎడమదైనా మిగలాలంటే సన్నపని మానెయ్యమని దవాఖానాలో డాక్టరు చెప్పి ఆరునెలలైంది. మహిమకు ఆ సంగతి తెలుసు. తెలిసీ, వేలెడేసి కుట్లకు కళ్ళతో పనేముంది, గంటలో అయిపోతుంది అనుకుంది. మనసు పడ్డ పనికి లెక్కలు చకచకా కుదురుతాయి.

బొమ్మలు మేడమ్‌కు చూపించడానికి పదిరోజులు హైదరాబాదు వెళ్ళాలి. బయట ఆటో హారన్ కొడుతోంది. మహిమ బట్టల మూట అమ్మమ్మ ఒళ్ళో పెట్టింది.

“అమ్మమ్మా, ఈ ఆరిటికీ భుజం కాడ చిరిగింది. పరీక్షల పెట్టేటియి. నువ్వెప్పుడు ఎట్ల కుడతవో గట్లనే కుట్టిపెట్టు.”

చింపింది తానేనని చెప్పలేదు. ఎందుకు చింపిందో చెప్పలేదు. ముసలామెకు ఇదంతా ఏం అర్థమవుతుందిలే అనుకుంది. ఆ రెండు ముక్కలు చెప్పి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

పదోరోజు ఉదయం మహిమ తిరిగొచ్చింది. పరీక్ష చూసే జ్యూరీ ముందు పెట్టడానికి నాలుగు రోజులే ఉన్నాయి. ఆరు జతలూ ఇస్త్రీ మడతల్లో మంచం మీదున్నాయి. మొదటిది విప్పి కుడిభుజం చూసింది. పొరపాటు పడ్డానేమోనని ఎడమభుజం చూసింది. లోపలివైపు తిప్పింది. చిరుగు లేదు, నల్లకుట్టు లేదు, అతుకు లేదు. అంగడిలోంచి ఆ పొద్దునే తెచ్చినట్టుంది. రెండోదీ అంతే. ఆరూ అంతే.

ఆరోగ్యమ్మ గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని, ఎడమకంటికి తడిగుడ్డ అద్దుకుంటూ, బడిలో పలక చూపించే పిల్లలా నవ్వింది.

“ఎట్లుంది బిడ్డా? ఎవరన్న కనిపెడతరా?”

మహిమ చేతిలోని బట్ట మంచం మీద పడేసింది. “ఏం చేసినవ్ అమ్మమ్మా? కుట్టు కనపడాలె నాకు. తాత చొక్కా మీద లెక్క.”

“గది గని బట్ట గదనే.”

“నాకు గదే కావాలె.”

ఆరోగ్యమ్మకు అర్థం కాలేదు. కాలేజీలో పదిమంది ముందు పెట్టే తెల్లబట్ట మీద గని కుట్లు ఎవరైనా కోరి వేయించుకుంటారా? మహిమకు చెప్పే ఓపిక లేదు. కుట్లు విప్పే చిన్నకత్తి సంచీలోంచి తీసి, మొదటి జత భుజంలో గుడ్డిగా పొడిచి లాగింది. తన చేత్తో చింపిన చిరుగే, తనకే దొరకలేదు. కత్తి దాని పక్కన ఇంకోచోట దిగి బట్ట పర్రుమని చిరిగింది. ఆ చప్పుడుకు ఆరోగ్యమ్మ కంటి మీది గుడ్డ తీసి చూసింది. లేచి గోడ పట్టుకుంటూ వెనకింట్లోకి పోయింది.

అప్పుడు తల్లి మహిమను పక్కకు పిలిచి చెప్పింది, అరవకుండా, అది ఇంకా బాధగా ఉండేటట్టు. అమ్మమ్మ తొమ్మిదిరోజులు తెల్లవారింది మొదలు వెలుతురు పోయేదాకా ఆ గుమ్మంలోనే కూర్చుందట. వద్దంటే వినలేదట. పిల్ల మిషను మీద ఏదో తప్పు చేసుకొని భయపడుతోంది, పరువు పోనిస్తామా అందట. ఆ పరువు సంగతి కూడా తల్లి ఆ రోజే చెప్పింది. తల్లికి తొమ్మిదేళ్ళప్పుడు క్రిస్మస్‌కు పాడే పిల్లల్లో తనూ ఉంది. గౌను చంక కింద నల్లదారం కుట్టుంది. ఆఫీసర్ల పిల్లలు చూసి నవ్వారు. పాట చెప్పే ఆవిడ తనను ముందు వరసలోంచి తీసి వెనక నిలబెట్టింది. పండగ దాటగానే ఆరోగ్యమ్మ ఖమ్మంలో చెల్లెలింట్లో మకాం పెట్టి, బజారులో రఫు చేసే ముసలి సాయిబు దగ్గర నెలరోజులు కూర్చుని పని నేర్చుకొచ్చింది. ఆ తర్వాత ఆ ఇంటి కష్టం చర్చిలో ఎవరి కంటా పడలేదు.

మహిమ కత్తి చేతిలో పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది. తన కలెక్షన్ గురించి పుస్తకంలో రాసుకున్న మొదటి వాక్యం ‘మా అమ్మమ్మ చేతిపని’. అమ్మమ్మ చేతిపని ఏదో తనకు తెలియదు. ఆమె పారేసిన పనిని పట్టుకొని ఇంత గొప్ప చేసి, ఆమె ప్రాణం పెట్టిన పనిని కత్తితో పొడిచింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా నాలుగు రోజుల భయం పోలేదు, అదే ఆమెకు అన్నిటికన్నా అసహ్యంగా అనిపించింది.

అన్నాల వేళకు ఆరోగ్యమ్మే బయటికొచ్చి చెయ్యి చాపింది.

“ఇటియ్యి ఆ కత్తి. నేనే ఇప్పుత. నువ్వయితే బట్ట ఖరాబు చేస్తవ్.”

మహిమ వద్దంది, వేరే ఏదైనా చేస్తానంది. ఏం చేస్తుందో ఆమెకే తెలియదని ఇద్దరికీ తెలుసు. ఆరోగ్యమ్మ కళ్ళు మూసుకొని భుజం మీద బొటనవేలితో తడిమింది. దొరికిన చోట కత్తిమొన పెట్టి, తొమ్మిదిరోజుల పనిని పోగు పోగుగా ఊడదీసింది. తరువాత గోనెదారం అడిగింది. మహిమ సూదిలోకి ఎక్కించి ఇస్తుంటే, మొహం పక్కకు తిప్పుకొని, ఒకప్పుడు జోయెల్ డ్యూటీకి టైమవుతుంటే కుట్టినట్టే, టపటపా నల్లకుట్లు వేసింది. కత్తి తప్పుగా దిగిన మొదటి జతకు అదనంగా ఇంకో అతుకు వేసింది. సాయంత్రానికి ఐదు జతలు పూర్తయ్యాయి. ఐదూ మహిమ కోరుకున్నట్టే ఉన్నాయి. ఆమెకు వాటిని చూడబుద్ధి కాలేదు.

ఆరోదాన్ని ఆరోగ్యమ్మ ఒళ్ళో పెట్టుకొని కత్తి పక్కన పెట్టేసింది.

“దీన్ని ఇప్పను.”

మహిమ విప్పమనలేదు. ఆరోగ్యమ్మ మనవరాలి చూపుడువేలు పట్టుకొని ఆ తెల్లబట్ట మీద నెమ్మదిగా నడిపించింది. “ఈడ మొదలు. ఈడ ఆఖరు. నీకొక్కదానికే చెప్తున్న. ఎవరికీ చెప్పకు.” వేలి కింద నూకంత ఎత్తు, అంతే. కంటికి అదీ లేదు.

జ్యూరీలో నలుగురున్నారు. ఐదు జతల దగ్గర చాలాసేపు ఆగారు, నల్లకుట్లను చేత్తో తాకి చూశారు. బయటినుంచి వచ్చిన ఉదయ్ భాస్కర్ అనే ఆయన, బెంగళూరులో పెద్ద డిజైనరట, ఇందులో ప్రాణం ఉంది అని కూడా అన్నాడు. నాగలత మేడమ్ మొహం వెలిగింది. ఆరోదాని దగ్గరికి వచ్చేసరికి ఆయన కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఇందులో ఏముందని అడిగాడు.

మహిమ దాచకుండా చెప్పింది. గని బట్ట, చర్చి బట్ట. ఆ ఐదూ లోకానికి అక్కర్లేదని అమ్మమ్మ అనుకున్న పని, ఇది ఆమె అసలు పని. ఇందులోనూ జానెడు చిరుగుంది. ఎక్కడుందని అడిగారు. దాన్ని చూపిస్తే అది ఆమె పని కాకుండా పోతుందని మహిమ అంది. నలుగురూ దీపం కిందికి తీసుకెళ్ళారు. భూతద్దం తెప్పించారు. భుజాలు, మెడ, చేతులు, కింది అంచు దాకా వెతికారు.

“కథ బాగుందమ్మా,” అన్నాడు ఉదయ్ భాస్కర్. “చిరుగు మాత్రం లేదు. ఉందంటావా, రెండంగుళాలు విప్పి చూపించు. ఒప్పుకుంటాం.”

బల్ల మీద ఆమె పనిముట్లలో ఆ చిన్నకత్తి ఉంది. నాగలత మేడమ్ దానివైపు చూసి, మహిమ వైపు చూసింది. విప్పెయ్యి, నీ పుణ్యముంటుంది అని ఆ చూపు బతిమాలుతోంది. రెండంగుళాలే. విప్పితే షో, షో అయితే బెంగళూరు. విప్పకపోతే కిటికీకి అట్టముక్క. మహిమ బట్ట మీద చెయ్యి వేసింది. వేలు దానంతటదే అమ్మమ్మ చూపించిన చోటికి పోయింది. భయమేసింది, ఏడుపొచ్చింది, రెండూ మింగింది. వేలు అక్కడే ఆనించి ఉంచి, “విప్పను సార్,” అంది.

చివరిది కలెక్షన్‌తో సంబంధం లేనిది, పని చేయకుండా పెట్టినది అని రాసుకున్నారు. సాయంత్రం నోటీసు బోర్డు మీద ఎనిమిది పేర్లు పెట్టారు. మహిమ వాటిని రెండుసార్లు పైనుంచి కిందికి చదివింది. ఆమె పేరు లేదు. నాగలత మేడమ్ ఆమెను చూసి, మొహం తిప్పుకొని దాటిపోయింది.

హాస్టలు ఎదురుగా కిరాణాకొట్టులో రూపాయి బిళ్ళ ఫోను ఉండేది. మహిమ ఇంటి పక్కవాళ్ళ నంబరుకు చేసి అమ్మను పిలిపించింది. తల్లి ముందు అమ్మమ్మ కన్ను సంగతి చెప్పింది. నీరు ఆగడం లేదు, డాక్టరు తిట్టాడు, సోమవారం ఖమ్మం పెద్ద దవాఖానాకు రమ్మన్నాడు. చూపు నిలుస్తుందో లేదో చెప్పలేనన్నాడు. మహిమ ఫోను పెట్టెకు నుదురు ఆనించింది. తన సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ఇంతలో ఆరోగ్యమ్మ ఫోను లాక్కుంది.

“బిడ్డా, గది ఎవరన్న కనిపెట్టిన్రా?”

“లేదమ్మమ్మా. నలుగురు చూసిన్రు. పెద్దపెద్దోళ్ళు. భూతద్దం పెట్టి చూసిన్రు. ఎవ్వరికీ దొరకలే.”

అవతల నవ్వు వినిపించింది, నాలుగు రోజుల కిందట గుమ్మంలో నవ్విన నవ్వే. షో సంగతి ఆమె అడగలేదు.

“భూతద్దం గూడ పెట్టిన్రా?” అంది ఆరోగ్యమ్మ. “మల్లొకసారి చెప్పు.”

మహిమ కళ్ళు తుడుచుకొని, ఇంకో రూపాయి బిళ్ళ వేసి, మొదటి నుంచి మళ్ళీ చెప్పింది.