ఫోనులో వినిపించిన ఊరు

ఆసుపత్రి టెలిఫోను గదిలో పనిచేసే ఆమెను డాక్టర్ల దగ్గర నుంచి ఆయాల దాకా అందరూ ఎక్స్‌ఛేంజి అక్క అనే పిలిచేవారు. చిన్నతనంలో వచ్చిన ఒక జ్వరం ఆమె చూపును పట్టుకుపోయింది. మిగిలిన చెవులతోనే ఆమె చదువుకుంది, ఉద్యోగం తెచ్చుకుంది. ఫోనెత్తి ఒక్క మాట వింటే చాలు, అవతలివాళ్ళు కంగారులో ఉన్నారో, కాలక్షేపానికి చేశారో ఆమెకు తెలిసిపోయేది.

ఆమె చెల్లెలి ఇంట్లోనే ఉండేది. చెల్లెలు పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. మరిదికి బజారు మలుపులో గడియారాలు బాగుచేసే దుకాణం ఉంది. పిల్లలు లేరు. ముగ్గురూ కలిసి రెండో అంతస్తులో ఇరుకైన వాటాలో ఒకరికొకరు అడ్డం రాకుండా బతకడం అలవాటు చేసుకున్నారు.

ఆ ఇంట్లో అంతవరకు విమానం ఎక్కినవాళ్ళు లేరు. పెళ్ళై పాతికేళ్ళు నిండుతున్నాయని చెల్లెలూ మరిదీ నాలుగు రోజులపాటు ఏదో ఒక పరాయి దేశం చూసి రావాలని అనుకున్నారు. చేతిలో ఉన్నది అంతంతమాత్రం. అందుకని ఎక్కడికి వెళ్ళాలన్న చర్చ రోజూ అన్నాలయ్యాక మొదలై ఆవలింతలతో ముగిసేది.

మరిదికి ఆకాశాన్నంటే మేడలున్న నగరం మీద మనసు. "పై అంతస్తు నుంచి చూస్తే కార్లు చీమల్లా ఉంటాయట. ఫొటో దిగితే చూసినవాళ్ళు ఇట్టే గుర్తుపట్టాలి. లేకపోతే వెళ్ళామని ఎవరు నమ్ముతారు?" అనేవాడు.

చెల్లెలిది సముద్రం పాట. "పొద్దస్తమానం జనం నోళ్ళలోకి చూసే ఉద్యోగం నాది. నాలుగు రోజులు దేన్నీ చూడకుండా ఇసుకలో పడుకుంటాను, నన్ను వదిలేయండి."

అక్క వాళ్ళ మధ్య కూర్చుని ఇద్దరినీ ఎగదోస్తూ నవ్వేది. ఆసుపత్రిలో గుర్తింపు కోసం ఎప్పుడో తీసుకున్న పాస్‌పోర్టును బీరువాలోంచి తీసి, తోటి ఉద్యోగి చేత తేదీ కూడా చదివించుకుంది. ఇంకా చెల్లుతుందని తెలిసి సంబరపడింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్పాల్సిన పని ఉందని అనుకోలేదు.

ఒక సాయంత్రం మరిది ట్రావెల్ ఏజెంటుకు ఫోను చేశాడు. చేతిలో ఏదో గడియారం ఉందేమో, ఫోనును బల్లమీద పెట్టి స్పీకరులో మాట్లాడుతున్నాడు.

"ఎంతమంది సార్?" అన్నాడు ఏజెంటు.

"ఇద్దరమే."

అక్క వంటింట్లో గిన్నెలు తుడుస్తోంది. చేతిలో గుడ్డ ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ తుడవడం మొదలుపెట్టి, తుడిచిన గిన్నెనే రెండోసారి తుడిచింది.

మర్నాడు చెల్లెలు టీ పెడుతుండగా అక్క పక్కన వచ్చి నిలబడింది.

"బుల్లీ, నేనూ వస్తాను."

"ఎక్కడికక్కా?"

"మీరు వెళ్ళే చోటికే."

చెల్లెలు పొయ్యి తగ్గించింది. "నిన్న విన్నావా?"

"నా ముందు స్పీకరు పెడితే వినకుండా ఎలా ఉంటాను?"

"అదికాదక్కా. కొత్త చోటు, కొత్త మనుషులు. నువ్వు ఇబ్బంది పడతావేమోనని..."

"ఇబ్బంది నాకా, నీకా?"

ముందుగదిలోంచి మరిది లేచి వచ్చాడు. "కోప్పడకండి వదినా. అక్కడున్నవన్నీ చూసేవే. మేం నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే మీరు పక్కన ఊరికే నిలబడి ఉండాలి. అది మీకు బాగుంటుందా, మాకు బాగుంటుందా?"

మరిది మంచివాడు. ఆ మాట మంచితనంతోనే అన్నాడు. అందుకే అది ఆమెకు ఇంకాస్త లోతుగా గుచ్చుకుంది.

"అయితే చోటు నేను వెతుకుతాను. నా ఖర్చు నాది. ముగ్గురికీ పనికొచ్చే ఊరు దొరక్కపోతే మీరిద్దరే వెళ్ళిరండి. నేను అడ్డుచెప్పను," అంది.

"ఎలా వెతుకుతారు?"

"నాకు వచ్చిన విద్య ఒకటే కదా మరిదీ. ఫోను చేస్తాను."

సెలవు రోజు ఉదయం ఆమె బాల్కనీలో స్టూలు వేసుకుని కూర్చుంది. ఆమె ఫోనే తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపిస్తుంది. ఇంటర్నెట్ ద్వారా మాట్లాడితే పరాయి దేశమైనా పెద్దగా ఖర్చుండదు. ముందుగా మేడల నగరంలోని హోటలుకు చేసింది. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటూ మరగొంతు చెప్పింది, తర్వాత ఒక సంగీతం మొదలైంది. టీ చల్లారిపోయినా ఆ సంగీతం ఆగలేదు. ఆమె ఫోను పెట్టేసింది.

సముద్రం ఒడ్డున చెల్లెలు ఏరి పెట్టుకున్న హోటలుకు చేస్తే ఒకతను వెంటనే ఎత్తాడు. అతని వెనక గోడలో డ్రిల్లింగు మిషను దిగుతున్న చప్పుడు. "ప్రశాంతంగా ఉంటుంది మేడమ్, అలల శబ్దం తప్ప ఇంకేం వినపడదు," అని అరిచి చెప్పాడు పాపం. అరవకపోతే అతని మాట అతనికే వినపడేలా లేదు. ఆమె చెల్లెలిని పిలిచి ఫోను చెవి దగ్గర పెట్టింది. చెల్లెలు విని, "ఇంతకంటే మా డాక్టరు గదే నయం," అంటూ ఫోను తిరిగి ఇచ్చేసింది.

ఆ తర్వాత ఆమె ఊళ్ళ మీద ఊళ్ళు తిరిగింది, స్టూలు మీంచి లేవకుండానే. కొందరు విసుక్కున్నారు, కొందరు అర్థం కాక పెట్టేశారు. చూపులేదని చెప్పగానే ఒకాయన, "మీతో మాట్లాడటానికి ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగాడు. ఆమె లేరని మర్యాదగా చెప్పి పెట్టేసింది.

మరో సెలవు రోజు కొండల మధ్య ఒక చిన్న ఊళ్ళోని లాడ్జికి చేసింది. ఆయాసపడుతూ ఒక పెద్దావిడ ఎత్తింది. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు సగం సగమే. ఆ రెండు సగాలూ కలిపి మాట్లాడుకున్నారు. ఆవిడ వెనక ఏదో చెక్కమీద తట్టినట్టు, కాసేపాగి మళ్ళీ తట్టినట్టు చప్పుడు.

"ఆ చప్పుడేమిటి?" అంది అక్క.

"మా పడవలు. సరస్సులో అల వచ్చినప్పుడల్లా రేవుకు కొట్టుకుంటాయి. చలి మొదలైంది కదా, అడిగేవాళ్ళు లేరు. గదులూ సగం ధరకే ఇస్తున్నాం."

"నాకు చూపు లేదండీ. మీ ఊరొస్తే నేను ఏం చేయొచ్చు?"

ఆవిడ జాలిపడలేదు. నిజంగానే ఆలోచించింది. "పడవ నడపొచ్చు."

"నేనా?"

"తెడ్లు వేసే మనిషి ఎప్పుడూ వెళ్ళే దారికి వీపు పెట్టి కూర్చుంటాడు. ముందేముందో అతనికి కనపడదు. ఎదురుగా కూర్చున్నవాళ్ళు కుడి, ఎడమ చెప్తారు. మీకు చెప్పేవాళ్ళు ఉన్నారా?"

"ఉన్నారు," అంది అక్క. ఫోను పెట్టేశాక కూడా చాలాసేపు ఆ స్టూలు మీదే కూర్చుంది. చూపు పోయిన నాటి నుంచి ఎక్కడికి వెళ్ళాలన్నా ఇంకొకరి మోచెయ్యి పట్టుకునే వెళ్ళింది. ఇంకొకరిని తాను తీసుకెళ్ళవచ్చన్న ఆలోచన ఆమెకు ఎప్పుడూ రాలేదు.

మరిది ఊరి పేరు వినగానే మొహం చిట్లించాడు. "ఆ పేరు ఎవరూ విననే లేదు వదినా. అక్కడ ఫొటో దిగితే మన ఊరి చెరువనుకుంటారు."

"అనుకోనీ," అంది చెల్లెలు. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటోంది. "మనం వెళ్ళేది అనుకునేవాళ్ళ కోసమా? అక్క అన్ని ఊళ్ళకు ఫోన్లు చేసింది. మనం ఒక్కదానికన్నా చేశామా? ఏజెంటుకు చెప్పండి, ముగ్గురమని."

మరిది కాసేపు గొణిగాడు. గదుల ధర విన్నాక గొణుగుడు సన్నబడింది. చలి బట్టలు ఎవరి దగ్గర అరువు తేవాలో లెక్కవేయడం మొదలుపెట్టేసరికి ఒప్పుకున్నాడని ఇద్దరికీ అర్థమైంది.

ముగ్గురూ ఆ కొండల ఊరు చేరారు. లాడ్జి ఆవిడ ఫోనులో వినిపించినట్టే ఉంది, పొడుగు మాటలు లేని మనిషి. వచ్చిన మర్నాడే ముగ్గురికీ లైఫ్ జాకెట్లు తొడిగి, అక్క చేతుల్లో తెడ్లు పెట్టి, అవి ఆని తిరిగే ఇనప కొక్కేలను వేళ్ళతో తడిమించింది. చెల్లెలు ఎదురుగా కూర్చుంది. మరిది పడవ కొసన రెండు అంచులూ పట్టుకుని బిగుసుకుపోయాడు.

మొదట పడవ ఉన్నచోటనే గుండ్రంగా తిరిగింది. ఒక తెడ్డు నీళ్ళలో మునగకుండా జారి, మరిదిని నిలువునా తడిపింది. "నేను స్నానం చేసే వచ్చాను వదినా," అన్నాడు వణుకుతూ. అక్క నవ్వు ఆపుకోలేక తెడ్లు వదిలేసింది. మళ్ళీ పట్టుకుంది. రెండు తెడ్లూ ఒకేసారి నీటిని కొట్టిన చప్పుడు ఎలా ఉంటుందో చెవికి దొరికాక, చేతులు ఆ చప్పుడును వదల్లేదు. పడవ ముందుకు సాగింది. చెంపలకు గాలి తగిలింది. ఆ గాలి తనంతట తాను వచ్చింది కాదు, తన చేతుల బలానికి పుట్టిన గాలి.

"కుడికి అక్కా. చాలు. ఇక నేరుగా."

ఆవలి ఒడ్డు చేరేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. మరిది ముందు దిగి, పడవను గట్టుకు లాగి, చాలాసేపు సరస్సు వైపు చూస్తూ నిలబడ్డాడు. "వదినా, ఈ నీళ్ళన్నీ దాటించి మీరే తీసుకొచ్చారు. నన్ను ఇంత దూరం పైసా అడగకుండా తీసుకొచ్చినవాళ్ళు ఎవరూ లేరు. ఆటోవాడు కూడా," అన్నాడు. గొంతులో వేళాకోళం లేదు. తిరుగు ప్రయాణంలో తాను తెడ్లు వేస్తానన్నాడు. అక్క ఇవ్వలేదు.

తిరిగి వెళ్ళాల్సిన రోజు ఉదయం ఆమె రేవు మీద నిలబడి చెల్లెలితో అంది, "ఒక్కసారి ఒంటరిగా వెళ్తాను."

"అక్కా, వద్దు."

"నువ్వు ఇక్కడ నిలబడి మాట్లాడుతూ ఉండు. నీ గొంతు ఎటుంటే అటు తిరిగొస్తాను."

చెల్లెలు లాడ్జి ఆవిడ వైపు చూసింది. ఆవిడ జాకెట్టు పట్టీలు మరోసారి బిగించి, తాను మరో పడవలో తాడు విప్పుకుని సిద్ధంగా కూర్చుంది.

అక్క పడవను లోపలికి నడిపింది. చెల్లెలి గొంతు పలచబడుతూ వచ్చింది. సరస్సు నడుమ తెడ్లు పైకెత్తి ఆగింది. చెయ్యి చాస్తే తగలడానికి ఒక గోడ గానీ, ఒక కుర్చీ గానీ, ఒక మనిషి గానీ లేరు. ఎటు చాచినా ఖాళీ. చిన్నప్పుడు మైదానంలో పరుగెత్తిన నాటి తర్వాత అంత ఖాళీ ఆమెకు మళ్ళీ ఎదురుపడలేదు. భయమేస్తుందనుకుంది. వెయ్యలేదు. వెన్ను నిటారుగా పెట్టి, ఆ చోటంతా తనదేనన్నట్టు కూర్చుంది.

ఒడ్డున చెల్లెలు చెప్పడానికి మాటలు అయిపోయి పళ్ళ డాక్టరు గదిలో పరికరాల పేర్లు ఒక్కొక్కటే గట్టిగా చదువుతోంది. అక్క ఆ పేర్లు వింటూ పడవను తిప్పి, తెడ్లు దించి, పట్టకారు పేరుకూ అద్దం పేరుకూ మధ్య ఎక్కడో రేవును మెత్తగా తాకింది. ఎవరూ ఆమెకు చెయ్యి అందించలేదు. చెక్కను తానే తడుముకుని, పట్టుకుని పైకెక్కింది.

చెల్లెలు ఏడుస్తోందని ఆమె ఊపిరి చప్పుడుతోనే అక్కకు తెలిసింది.

"ఏడుపు తర్వాత. నాకు ఆకలి దంచేస్తోంది," అంది అక్క, తడి చేతులు కోటుకు తుడుచుకుంటూ.