ఏనుగులు దిగిన తోటబాట

అటవీశాఖ వాళ్ళు మైకు కట్టిన ఆటో కాలనీలోకి వచ్చేసరికి కృపామణి వాకిట్లో కూర్చుని అనపకాయలు వలిచి గింజలు తీస్తోంది. పొద్దు వాలుతోంది. ఏనుగుల గుంపు అడవి దిగి మామిడితోటల్లో తిరుగుతోందనీ, రాత్రిపూట గానీ పొద్దు పొడవకముందు గానీ ఎవరూ పొలాల వైపు పోవద్దనీ మైకులో చెబుతున్నారు. పక్క ఊళ్ళో మోటారు వెయ్యడానికి పోయిన రైతును ఆ తెల్లవారుజామునే ఏనుగు తొక్కి చంపిందని ఆటో వెనకాల వచ్చినవాళ్ళు చెప్పారు. భుజం మీది తువ్వాలును చూసి మనిషిని గుర్తుపట్టారట.

కృపామణి చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది. రేపు పొద్దు పొడవకముందు ఆమె నడవాల్సింది ఆ తోటల్లోంచే.

వాళ్ళ ఊరు పలమనేరు దాటి తమిళనాడు హద్దు వైపు పోయే రోడ్డు పక్కన, అడవికి దగ్గరగా ఉంటుంది. కృపామణి గార్మెంట్స్ కంపెనీలో కుట్టుపని చేస్తుంది. ఉదయం కంపెనీ వ్యాను వచ్చేలోగా ఆమెకు రెండు పనులుంటాయి. మబ్బుతోనే, ఇంకా చీకటి ఉండగానే లేచి చాప మీద మోకరించి, బైబిలు వాక్యం చదువుకుని, ప్రార్థన చేసుకుంటుంది. తర్వాత టార్చిలైటు పట్టుకుని మామిడితోట మధ్య బండిబాటలో నడిచి, నాయుళ్ళ గోవిందు పొలంలో ఉన్న ఇంటికి పోతుంది. అక్కడ పక్షవాతంతో మంచాన పడిన అతని తల్లి యశోదమ్మకు ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, పక్కకు తిప్పి పడుకోబెట్టి వస్తుంది.

కిందటేడు ఈస్టరుకు ముందు శ్రమదినాల్లో, నలభై రోజుల ఉపవాసాల్లో మొదలైన పని ఇది. ఉపవాసమంటే అన్నం మానడమే కాదనీ, మనకు తిరిగి ఏమీ ఇవ్వలేని మనిషిని ఒకరిని ఎంచుకుని ఆ రోజులన్నీ వాళ్ళకు సేవ చెయ్యమనీ పలమనేరు చర్చిలో పాస్టరు చెప్పాడు. కృపామణికి యశోదమ్మ గుర్తొచ్చింది. టమాటా కోతకు ఆ పొలానికి పోయినప్పుడు ఆమెను మంచంలో చూసింది. గోవిందు భార్య చనిపోయింది, పిల్లలు లేరు. ఆవులనూ పొలాన్నీ తల్లినీ ఒక్కడే చూసుకోలేక సతమతమవుతున్నాడు. కృపామణి పోయి అడిగింది. అతను చేస్తే చెయ్యమన్నాడు గానీ పాటలూ ప్రార్థనలూ తన ఇంట్లో వద్దన్నాడు. ఆమె సరేనంది.

ఈస్టరు వచ్చింది, పోయింది. కృపామణి మానలేదు. అవ్వ వీపు తుడుస్తూ మనసులోనే ప్రార్థించుకునేది. అవ్వకు కుడి పక్కంతా పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది. అయినా వాకిట్లో కృపామణి అడుగుల చప్పుడు వినబడగానే ఎడమచెయ్యి పైకెత్తేది.

ఆ రాత్రి అన్నం తింటూ ఆమె భర్త చెంగయ్య, రేపు పోవద్దన్నాడు. అతను పాలడెయిరీ వ్యాను నడుపుతాడు. అందరికంటే ముందే లేచి రోడ్డు మీదికి పోవాలి కాబట్టి ఆమెకు తోడు రాలేడు. దేవుడు చూసుకుంటాడులే అని కృపామణి అంది. అది మాటవరసకు అన్నది కాదు. చీకట్లో ఒంటరిగా నడిచేటప్పుడు తనకు ఏ భయమూ కలగదని ముందటి ఆదివారమే చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పింది. అప్పటికి అది నిజమే.

తెల్లవారుజామున చెంగయ్య వెళ్ళిపోయాక ఆమె చాప మీద మోకరించింది. మాటలు రాలేదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనబడుతున్నాయి గానీ ఒక్క వాక్యమూ లోపలికి దిగడం లేదు. అంతలో తోట వైపు నుంచి కొమ్మ విరిగిన చప్పుడు వచ్చింది. ఇంకొకటి విరిగింది. కాలనీ కుక్కలు మొరగడం మొదలుపెట్టి, ఒక్కసారిగా మానేశాయి. కృపామణి లేచి తలుపు గడియ పడిందో లేదో చూసుకుని, దానికి వీపు ఆనించి కూర్చుంది. కిటికీ తెల్లబడేదాకా అక్కడి నుంచి కదలలేదు. తెల్లబడ్డాక వ్యానుకే సమయం చాలింది.

ఆ రోజంతా మిషను ముందు కూర్చుని కుట్టిన కుట్టు మళ్ళీ మళ్ళీ విప్పింది. సాయంత్రం వ్యాను దిగి, వెలుగు ఉండగానే నేరుగా గోవిందు ఇంటికి పోయింది. అవ్వ తడిసిన పక్క మీదే ఉంది. పొద్దున గోవిందు ఒక్కడే తిప్పబోతే నడుము దగ్గర మెత్తబడి ఉన్న చర్మం రూపాయి బిళ్ళంత మేర ఊడిపోయింది.  ఏనుగులు తిరుగుతుంటే ఎట్ల వస్తావులే అని అతను అన్నాడు. కృపామణి పుండు కడుగుతుంటే అవ్వ గోడ వైపు ముఖం తిప్పుకుంది. చెయ్యి ఎత్తలేదు.

మర్నాడు కృపామణి బయలుదేరింది. టార్చీ, ఒక కర్ర పట్టుకుంది. మంచు బాగా కురుస్తోంది. బండిబాటకు ఎడమ పక్క మామిడితోట, కుడి పక్క టమాటా తోట. సగం దూరం పోయాక పచ్చి ఆకు నలిపిన వాసన, దాంతో పాటు పశువులపాక వాసన కలిసి వచ్చింది. ఆమె నిలబడింది. ముందర, మంచులో, బాటకు అడ్డంగా ఒక పెద్ద బండరాయి ఉన్నట్టు కనబడింది. ఆ బాటలో బండరాయి లేదని ఆమెకు తెలుసు. రాయికి చెవి కదిలింది. దాని కాళ్ళ కిందనుంచి ఇంకో చిన్న ఆకారం బయటికొచ్చింది.

పిల్ల ఉన్న ఏనుగు ఊరుకోదని అందరూ అంటారు. కృపామణి టార్చీ ఆర్పేసి, చెప్పులు వదిలేసి, టమాటా మొక్కలకు పాతిన కర్రల మధ్య వంగి పరిగెత్తింది. పొలం మధ్యలో మోటారు షెడ్డు ఉంది. దాని రేకుతలుపుకు తాళం లేదు. లోపల దూరి తలుపు లాక్కుని, స్టార్టరు పెట్టె కింద ముడుచుకుని కూర్చుంది.

నేల కొద్దిగా అదిరింది. షెడ్డు బయట నీళ్ళ పైపు పటుక్కున విరిగి నీళ్ళు చిమ్మాయి. ఏనుగు తాగుతున్న చప్పుడు గోడ అవతలే వినబడింది. రేకుతలుపును ఏదో మెల్లగా నెట్టింది, వదిలేసింది, మళ్ళీ నెట్టింది. తలుపు కింది సందులోంచి వేడి ఊపిరి వచ్చి ఆమె పాదాలను తాకింది. చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన వాక్యాల్లో ఒక్కటీ ఆమె నోటికి రాలేదు. ప్రభువా, భయంగా ఉంది, భయంగా ఉంది అని పెదవులతో అనుకుంటూ కూర్చుంది. మరో మాట పుట్టలేదు. ఎవరో తనను కాపాడుతున్నారనీ అనిపించలేదు. నోట్లో చెంగు కుక్కుకుని, ఏడుపు బయటికి రాకుండా చూసుకుంది.

ఎంతసేపటికో దూరంగా టపాకాయలు పేలాయి. ఘీంకారం ఒకటి షెడ్డు రేకులన్నీ వణికేలా వినబడింది. తర్వాత టమాటా కర్రలు వరసగా విరుగుతున్న చప్పుడు అడవి వైపు సాగిపోయింది. తెల్లారాక తలుపు లాగినవాడు గోవిందు. చేతిలో టపాకాయల సంచి, అగ్గిపెట్టె ఉన్నాయి. బాటలో ఆమె చెప్పులు చూసి, ఏనుగు అడుగులు చూసి, తోటంతా వెతుక్కుంటూ వచ్చాడట.  అతను గడప మీద కూర్చున్నాడు.

"నాకు శానా బయమేసిందన్నా," అంది కృపామణి. "నిన్న కూడా బయపడే రాలేదు. తలుపేసుకుని కూర్చున్నాను."

గోవిందు చేతిలోని అగ్గిపెట్టెను అటూ ఇటూ తిప్పాడు. 

"టపాకాయలు కాల్చింది నేను కాదు మే, ఫారెస్టోళ్ళు. నేను ఆ గట్టు కాడ నిలబడి ఉండాను. నాలుగు పుల్లలు గీసినా ఒగటీ అంటుకోలేదు. కాళ్ళు ముందుకు పడలేదు," అన్నాడు. కాసేపాగి, ఇక రావద్దన్నాడు. తన తల్లి కోసం ఇంకొకరి ఇల్లు కూలిపోకూడదన్నాడు.

కృపామణి అప్పుడన్న మాట ఆమెకే కొత్తగా వినబడింది. ఇన్నాళ్ళూ ఆ పనిని తన ఒక్కదాని పనిగా దాచుకుంది. ఎవరి సాయమూ అడగకపోవడమే విశ్వాసమని అనుకుంది.

"ఒగదాన్నే రాలేనన్నా. నువ్వు ట్రాక్టరేసుకుని కాలనీ కాడికి వస్తే వస్తాను."

గోవిందు తల వంచుకున్నాడు. అతని తాత ముత్తాతల నుంచీ ఆ ఇంటివాళ్ళు కూలీలను పిలవడానికి కూడా కాలనీలోకి అడుగుపెట్టలేదు, మనిషిని పంపేవాళ్ళు. ఇప్పుడు అతనే మబ్బుతో పోయి చర్చికి పోయే ఆడమనిషిని ట్రాక్టరులో ఎక్కించుకుని వస్తే ఊరు ఏమంటుందో ఇద్దరికీ తెలుసు.  అతను లేచి ఆమెను తన ఇంటిదాకా నడిపించాడు. అవ్వకు పుండు కడిగి మందు వేసేసరికి కంపెనీ వ్యాను వెళ్ళిపోయింది.

జరిగిందంతా చెంగయ్యకు చెప్పింది.  ఊరి మాటలకంటే ఏనుగు కాలు బరువు గదా, అతనొస్తే పో, రాకుంటే గడప దాటొద్దు అన్నాడు.

మర్నాడు ట్రాక్టరు వచ్చింది. కాలనీ మొదట్లోనే, రోడ్డు మీద ఆగి హారను కొట్టింది. పాలక్యాన్ల మధ్య ట్రాలీలో కూర్చుని కృపామణి తోట దాటింది. ఆ మరుసటి రోజూ వచ్చింది. ట్రాక్టరు లైట్లు మామిడి మొదళ్ళ మీద పడినప్పుడల్లా ప్రతి మొద్దూ కాలులాగే కనబడి ఆమె ట్రాలీ అంచు గట్టిగా పట్టుకునేది.

మూడో రోజు రాలేదు.

ఆమె కాలనీ మొదట్లో నిలబడి ఎదురుచూసింది. గోవిందు మనసు మారిందనుకుంది. మారడానికి కారణాలెన్నో ఉన్నాయి. ఇంటికి తిరిగిపోదామని రెండుసార్లు వెనక్కి తిరిగింది. మంచం మీద అవ్వ, నడుము కింద పుండు కళ్ళ ముందు మెదిలాయి. తోట అంచు దాకా నడిచింది. అక్కడ కాళ్ళు ఆగిపోయాయి. లోపలికి ఒక్క అడుగు పడదు, వెనక్కీ పడదు. ధైర్యం ఇమ్మని ఆమె అడగలేదు. ఎవరినైనా పంపించు ప్రభువా అని అడిగింది.

చాలాసేపటికి బాట చివర లైట్లు కనబడ్డాయి. ట్రాక్టరు ఆమె పక్కకొచ్చి ఆగింది. గోవిందు ఆమె వైపు చూడకుండా మాట్లాడాడు.

"నిన్న పాలసెంటరు కాడ అడిగినారు. ఏం గోవిందూ, బాప్తిస్మానికి ఎప్పుడు మునుగుతావు నీళ్ళల్లో అని నవ్వినారు. మా పెదనాయన కొడుకైతే, ఇంగ మా ఇంటికి రావద్దన్నాడు. సిగ్గేసింది, బయమూ వేసింది. ఈపొద్దు రాకూడదనే పడుకున్నాను." ఇంజను చప్పుడులో అతని గొంతు సరిగా వినబడలేదు. "మా యమ్మ సెయ్యెత్తి తలుపు వంక సూస్తా ఉండాది. దించమన్నా దించలే."

  తన వల్లే కదా అతని బంధువులు దూరమవుతున్నారు అనుకుంది కృపామణి. రేపటి నుంచి మానేద్దామా అని అడిగింది. అతను గేరు వేశాడు.

"ఎక్కు మే. తెల్లారి పోతాది."

ఆ నెలంతా అట్లాగే సాగింది. గుంపు ఒకరోజు అడవిలోకి పోయిందనేవాళ్ళు, మర్నాడు ఇంకో తోటలో కంచె విరగ్గొట్టిందనేవాళ్ళు. కాలనీలో కొందరు ఆడవాళ్ళు కృపామణితో మాట్లాడడం తగ్గించారు. నాయుళ్ళ ట్రాక్టరెక్కాక మనమెక్కడ కనబడతామని వినబడేలా అన్నారు. గోవిందు పెదనాయన కొడుకు తన మాట మీదే నిలబడ్డాడు, వాళ్ళింటి పెళ్ళికి గోవిందును పిలవలేదు. అవ్వ పుండు మాత్రం అంచుల నుంచి కొద్దికొద్దిగా మూసుకుంటూ వచ్చింది. ఒక్కడే తల్లిని ఎట్లా తిప్పాలో, చర్మం రాచుకోకుండా దుప్పటి మడత ఎట్లా వెయ్యాలో గోవిందు కృపామణి పక్కన నిలబడి నేర్చుకున్నాడు. ఆదివారాలు తానే చూసుకుంటానని చెప్పి, ఆ ఒక్క రోజు ఆమెను చర్చికి పొమ్మన్నాడు.

సంక్రాంతి పోయాక ఒక తెల్లవారుజామున తోట మధ్యకు వచ్చేసరికి గోవిందు ట్రాక్టరు ఆపేశాడు. ముందర ఎడమ పక్క కొమ్మలు కదులుతున్నాయి. లైట్ల వెలుగులో మంచు తప్ప ఇంకేమీ కనబడలేదు. వెనక్కి తిప్పుకునేంత చోటు ఆ బాటలో లేదు. గోవిందు సంచిలోంచి టపాకాయ తీసి చేతిలో పట్టుకున్నాడు గానీ వెలిగించలేదు. కృపామణి ట్రాలీ దిగి వచ్చి, అతని సీటు పక్కన మడ్‌గార్డు పట్టుకుని నిలబడింది. ఒకరి ఊపిరి ఒకరికి వినబడుతోంది.

"ఏమైనా చెప్పుకుంటా ఉండావా మనసులో?" అని అతను గుసగుసగా అడిగాడు.

"చెప్పుకుంటా ఉండానన్నా."

"నన్ను కూడా కలుపుకో."

కొమ్మలు ఇంకాసేపు కదిలాయి. తర్వాత ఆగాయి. అది గాలో, ఏనుగో, దారి తప్పిన ఆవో వాళ్ళకు తెలియలేదు. చూద్దామని ఇద్దరిలో ఎవరూ అటు పోలేదు. కాసేపు చూసి గోవిందు ట్రాక్టరును మెల్లగా ముందుకు కదిలించాడు. కృపామణి మడ్‌గార్డు వదలకుండా, దాని పక్కనే, చీకటి వైపు చూస్తూ నడిచింది.