సందు గోడకు పదకొండు ఏసీలు

ఏసీలు బిగించడంలో లింగమూర్తిది అందెవేసిన చెయ్యి. కొండాపూర్‌లోని ఆ హాస్టల్‌కి పదకొండు బిగించాడు. గదిలోని వేడిని గ్యాస్ పీల్చుకుంటుంది, బయటి యూనిట్లోని కంప్రెసర్ దాన్ని లాగి నొక్కుతుంది, అక్కడ వేడిని దిగబెట్టి చల్లబడి మళ్లీ లోపలికొస్తుంది అని ఎవరడిగినా ఓపిగ్గా చెప్పేవాడు. వేడి ఎక్కడికీ పోదు, ఇల్లు మారుతుందంతే అని నవ్వేవాడు కూడా. ఎవరింటికని మాత్రం ఏనాడూ ఆలోచించలేదు మహానుభావుడు.

వాళ్లక్క మొగుడు ఎల్లయ్య ఆ హాస్టల్లోనే రాత్రి వాచ్‌మన్. పగలంతా సందులోని రేకుల గదిలో పడుకుంటాడు. యూనిట్లు డాబా మీద పెడితే రాగి పైపు ఎక్కువ పడుతుందని ఓనరు గొణిగితే, లింగమూర్తి పదకొండింటినీ ఆ సందు గోడకే తగిలించాడు. ఫ్యాన్లన్నీ రేకుల గది వైపే.

"పొయ్యిల పండుకున్నట్టుందిరా. జర మార్పియ్యి" అన్నాడు ఎల్లయ్య ఏప్రిల్లో.

"ఐతారం మారుస్త బావా, ఫికర్ చెయ్యకు."

ఆదివారాలు ఐదు పోయాయి.

మే నెలలో ఒక మధ్యాహ్నం మేనేజరు ఉదయ్ భాస్కర్ ఫోన్ చేశాడు. "ఏసీలన్నీ ఆగిపోతున్నాయండీ. పిల్లలు గొడవ చేస్తున్నారు, త్వరగా రండి."

మూడింటికి వచ్చి చూస్తే సందు నిప్పుల కుంపటి. ఒక యూనిట్ వదిలిన వేడినే ఇంకొకటి పీలుస్తోంది. రేకుల గది తలుపు వేసి ఉంది; సెలవులకు అక్క పిల్లలతో ఊరెళ్లడంతో లోపల బావ ఒక్కడే. నైట్ డ్యూటీ మనిషిని పగలు లేపకూడదని అక్క ఇంట్లో కట్టుబాటు, పిల్లలు సైతం గుసగుసగానే మాట్లాడాలి. లింగమూర్తి చప్పుడు కాకుండా నీళ్ల పైపు లాగి యూనిట్లన్నిటినీ గంటసేపు తడిపాడు. ఒక్కొక్కటే లేచాయి.

"కూలింగ్ బ్రహ్మాండంగా వస్తోందండీ!" అని పైనుంచి మేనేజరు కేకేశాడు.

బావ లేచే వేళయింది కదా, ఈ ఆదివారం తప్పకుండా మారుస్తానని చెబుదామని తలుపు నెట్టాడు. ఎల్లయ్య మంచం పక్కన నేల మీద, గడప వైపు చెయ్యి చాపి పడి ఉన్నాడు. ఒళ్లు కాలిపోతోంది, చెమట చుక్క లేదు.

లింగమూర్తి అదే పైపు లాక్కొచ్చి తల మీద, ఛాతీ మీద నీళ్లు కుమ్మరించాడు. "లే బావా! ఇప్పుడే తీసేస్త, అన్నీ ఇప్పుడే తీసేస్త!"

దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. డాక్టరమ్మ గుడ్డ కప్పుతూ అంది. "ఒక్క గంట ముందు ఇట్లనే నీళ్లు పోసి తెస్తే బతికేటోడు. అప్పుడు దగ్గర ఎవరూ లేకుండెనా?"

లింగమూర్తి తన తడి చేతులు చూసుకున్నాడు.