వెనక బల్ల మీద వందేళ్ళు

మా చర్చిలో వెనక బల్లకి ఒక మేకు ఉంది. పదహారేళ్ళలో నావి ఏడు ప్యాంట్లు చింపింది. ఈ సంగతి కమిటీలో ఒకసారి లేవదీశాను. మేకు అలాగే ఉంది గానీ, బల్ల మీదే ఇంత శ్రద్ధ ఉన్న మనిషి దొరకడం కష్టమంటూ సంఘం వందేళ్ళ చరిత్ర రాసే పని నాకు అంటగట్టారు.

మాది పొలాల మధ్య చిన్న మెథడిస్టు చర్చి. బల్లలన్నీ చేసింది మా మామగారి నాన్న, వడ్రంగి. నన్ను మొదటిసారి చూసిన రోజు మామగారు అమ్మాయి సంగతి కంటే ముందు ఈ సంగతి చెప్పారు. సంఘంలో మొట్టమొదటి సభ్యుడు కూడా తన తండ్రేనని, వందేళ్ళ పండగనాడు ఆ మాట చెక్కిన రాయి గోడకి పెట్టించాలని ఆయన కోరిక. సంఘ పెద్ద అయ్యుండీ ఆయన వెనక బల్ల మీదే కూర్చునేవారు. అందరూ ఆ అణకువని మెచ్చుకునేవారు. అల్లుణ్ణి గనక నేనూ పక్కనే, మేకు మీద.

పాత రిజిస్టర్ల బీరువా తాళంచెవి మామగారి దగ్గరుంది. అడిగినప్పుడల్లా ఎక్కడో పెట్టి మర్చిపోయానన్నారు. నాలుగో వారం అత్తగారు ఆయన కళ్ళజోడు డబ్బాలోంచి తీసి నా చేతిలో పెట్టారు.

బీరువా తెరిచి పాత రిజిస్టరు చదివాను. కొత్తవాళ్ళని ఏడాది ప్రొబేషన్‌లో ఉంచి, నడవడి చూసి పూర్తి సభ్యులుగా తీసుకోవాలట. ఆ రోజుల్లో పాస్టర్లకి ఏటేటా బదిలీ. వచ్చిన ప్రతి పాస్టరూ తాను కళ్ళారా చూడలేదు కదా అని వడ్రంగిగారి ఏడాదిని మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టారు. ముప్ఫై ఒక్కమంది పాస్టర్ల కింద ప్రొబేషన్ చేసి, ఆయన ప్రొబేషన్‌లోనే పోయారు. వెనక బల్ల ప్రొబేషన్ వాళ్ళది. ఆ తర్వాతి పేజీలో మామగారి పేరు కూడా ఉంది, ఇప్పటికీ ప్రొబేషన్‌లోనే.

రెండు రోజులు దాన్ని పరుపు కింద దాచాను. ఆఖరికి రిజిస్టరు తీసుకెళ్ళి మామగారి ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు డబ్బా తెరిచి, తాళంచెవి లేదని చూసుకుని మూసేశారు.

"నలభై ఏళ్ళుగా ఈ తాళంచెవికి కాపలా కాస్తున్నా, బాబూ. ముందు బల్ల మీద కూర్చుంటే ఎవడైనా లేపేస్తాడేమోనని భయం."

"మేం అణకువ అనుకున్నామండీ."

"అనుకుంటుంటే వద్దంటానా?" అని, ఇక దాచడానికేముందన్నట్టు, "ఆ మేకు కొట్టింది కూడా మా నాన్నే. ప్రొబేషన్ వాళ్ళకి నిద్ర రాకూడదని" అన్నారు.

"ఆ బల్ల మీద కూర్చున్న మీ మామగారి నడుముకి నలభై ఏళ్ళు మందు రాసింది నేను. అది కూడా చరిత్రలో వెయ్యండి" అన్నారు లోపల్నుంచి అత్తగారు.

ఇద్దరం వెళ్ళి చెబితే పాస్టరుగారు నవ్వారు. ఆ వచ్చే ఆదివారమే మామగారిని పూర్తి సభ్యుడిగా తీసుకున్నారు. రాయి మీద వడ్రంగిగారి పేరు కింద 'ముప్ఫై ఒక్క ఏళ్ళు పరీక్షకు నిలిచినవాడు' అని చెక్కించమన్నారు. మామగారు ముందు బల్ల మీద కూర్చుని, ప్రసంగం మొదలైన ఐదు నిమిషాలకే హాయిగా నిద్రపోయారు. సంఘం ఆయన గురక వినడం అదే మొదలు.

నా గుండెల మీద బరువూ దిగింది. చరిత్ర పూర్తయింది. చివర్లో సభ్యుల జాబితా వేద్దామని నా పేరు వెతికాను. పూర్తి సభ్యుల్లో లేదు. ప్రొబేషన్‌లోనూ లేదు. మామగారి పక్కన కూర్చున్నాను గనక సభ్యుణ్ణే అయ్యుంటానని అందరూ అనుకున్నారు, నాతో సహా.

పాస్టరుగారికి వచ్చే నెల బదిలీ. చెబితే కొత్తాయన దగ్గర ఏడాది మొదలవుతుంది. చెప్పకపోతే తాళంచెవి దాచుకోవాలి, నాకేమో కళ్ళజోడు లేదు. అయ్యా, అమ్మా, ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి. మేకు సంగతి తర్వాత చూసుకుందాం.