ఎర్రదారం కట్టిన బొత్తాం

నాకు అక్షరాలు పెద్దవయసులో వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ అటూ ఇటూ అయితే చదివేవాళ్ళు సర్దుకోవాలి. నేను నిదానంగా రాస్తాను కాబట్టి కథ కూడా నిదానంగానే నడుస్తుంది. మధ్యలో లేచిపోకండి.

టైలరు మాస్టారి కూతురు ఓ కుక్కపిల్లను చేతిసంచిలో వేసుకుని షాపుకు తెచ్చిన రోజు, ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, మెళ్ళో టేపు తీసి, ముక్కు నుంచి తోక దాకా కొలిచారు.

"దీన్ని కుక్కంటారా? కోటు కుట్టాక మిగిలిన ముక్కలా ఉంది."

"పొట్టి జాతి నాన్నా. ఇంతే పెరుగుతుంది."

"ఇంకా పెరుగుతుందా? నయమే."

పేరు మాత్రం ఆయనే పెట్టారు, బొత్తాం అని. గుండ్రంగా, నున్నగా, ఎక్కడ పడితే అక్కడ దొర్లిపోతూ ఉండేది. నాలుగు రోజులు తిరిగేసరికి అది ఆయన మిషను కింద, ఆయన పాదం మీద పడుకోవడం అలవాటు చేసుకుంది. అప్పటి నుంచి ఆయన ఒక్క కాలితోనే మిషను తొక్కేవారు. ఎవరైనా అడిగితే రెండో కాలు నొప్పి అనేవారు.

కూతురిది నెలకోసారి ఊళ్ళు తిరిగే ఉద్యోగం. మొదటిసారి బయల్దేరేటప్పుడు షాపు గుమ్మంలో నిలబడి గట్టిగా చెప్పింది.

"మా స్నేహితురాలు ఉంచుకుంటానంది. నువ్వే ఇక్కడ వదిలెయ్యమన్నావు. కొంచెం కొంచెంగా రోజుకు నాలుగుసార్లు పెట్టాలి. ఇది ఆకలికి ఆగలేదు. ఏదైనా తేడా వచ్చిందో, ఇంకెప్పుడూ నీ దగ్గర వదలను."

"కోటు గుండెల దగ్గర పట్టేసిందని ఇంతవరకూ ఒక్కడు రాలేదే! నాకా చెప్తావు?" అన్నారు మాస్టారు. కానీ 'ఇంకెప్పుడూ' అన్న మాట గుండుసూదిలా ఎక్కడో గుచ్చుకుంది.

షాపులో ఉండేది ముగ్గురు. కత్తిరించి కుట్టేది మాస్టారు. చేతికుట్టు ఆయన భార్యది. కాజాలూ ఇస్త్రీ ఆవిడ తమ్ముడివి. మొదటి రోజు ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు బొత్తానికి పెట్టారు, పాపం ఎవరూ పెట్టలేదేమోనని. సాయంత్రానికి దాని కడుపు పాడై, ఇస్త్రీ చేసి మడతపెట్టిన తెల్లప్యాంటు మీద ఆ సంగతి చెప్పింది.

"ఇలా కాదు," అన్నారు మాస్టారు. "మన షాపు పద్ధతే దీనికీ పెడదాం."

షాపు పద్ధతి ఏమిటంటే, కుట్టడం పూర్తయిన బట్టకు ఎర్రదారం కడతారు. దారం ఉన్నదాన్ని మళ్ళీ ఎవరూ ముట్టుకోరు. ఆ లెక్కన, తిండి పెట్టినవాళ్ళు బొత్తాం మెడపట్టీకి ఎర్రదారం కట్టాలి. అది చూసి మిగతా ఇద్దరూ ఊరుకోవాలి. ముగ్గురికీ నచ్చింది. బామ్మర్ది అయితే, "నీ బుర్రే బుర్ర బావా," అని చెయ్యి కలిపాడు.

మర్నాడు పొద్దున మాస్టారి భార్య పెట్టి, దారం కట్టింది. మధ్యాహ్నం బామ్మర్ది గిన్నె పట్టుకుని వచ్చి, దారం చూసి వెనక్కి వెళ్ళాడు. సాయంత్రం బొత్తాం మాస్టారి వేళ్ళు నాకుతూ కుయ్ కుయ్ అంది.

"తిండిపోతు! దారం మెళ్ళోనే ఉంది, అప్పుడే మళ్ళీనా?" అని ముద్దుగా తిట్టారు.

ఆ రాత్రి అది చప్పుడు చెయ్యకుండా పడుకుంటే, "ఎంత బుద్ధిమంతురాలో," అని ముగ్గురూ మెచ్చుకున్నారు. తెల్లారి దారం చూసి మాస్టారి భార్య, 'మా తమ్ముడు అప్పుడే పెట్టేశాడే!' అని మురిసిపోయింది.

షాపు తెరిచాక మాస్టారు మిషను ముందు కూర్చున్నారు. పాదం మీద బరువు లేదు. వంగి చూస్తే బొత్తాం తాగినవాడిలా తూలుతూ రెండడుగులు వేసి పక్కకు పడిపోయింది. పట్టుకుంటే చల్లగా ఉంది. మెడ వేలాడిపోయింది.

"ఏమేవ్! ఇటు రా!" ఆయన గొంతు వాళ్ళావిడ ఎప్పుడూ విననంత సన్నగా వచ్చింది.

"నీళ్ళు పోద్దాం బావా!"

"ఆగరా! ముందు డాక్టరమ్మకు ఫోన్ చెయ్యి," అంది వాళ్ళక్క.

జంతువుల డాక్టరమ్మ ఫోన్లోనే చెప్పింది. నోట్లో ఏమీ పొయ్యొద్దు, గొంతుకు అడ్డం పడుతుంది. వేలితో చిగుళ్ళకు కాస్త తేనె రాయండి. వెచ్చగా చుట్టి వెంటనే తీసుకురండి.

మాస్టారు వేలితో తేనె రాశారు. ఎవరిదో కొత్త కోటు, ఇంకా చేతులు కూడా అతకనిది, తీసి దాన్ని చుట్టేశారు. ముగ్గురూ ఆటో ఎక్కారు. క్లినిక్ మెట్లెక్కుతుండగా బొత్తాం నాలుక బయటపెట్టి, మూతికి అంటిన తేనెను మెల్లగా నాకింది.

డాక్టరమ్మ దాని చెవి అంచు నుంచి చుక్క రక్తం తీసి చూసింది. "షుగర్ పడిపోయింది."

"షుగరా! ఈ వయసుకేనా? మా బావకే ఇంకా రాలేదు," అన్నాడు బామ్మర్ది.

"ఆ జబ్బు కాదండీ. ఒంట్లో చక్కెర తగ్గిపోయింది. ఇంత చిన్న ఒంట్లో దాచుకోవడానికి చోటెక్కడిది? పెద్ద కుక్క ఒకపూట తినకపోతే అలుగుతుంది. ఇది పడిపోతుంది." సూది ద్వారా మందెక్కిస్తూ అడిగింది. "నడిచేటప్పుడు వెనక కాలొకటి ఎత్తి గెంతుతుందా?"

"గెంతుతుంది. హుషారనుకుని చప్పట్లు కొట్టాం," అంది మాస్టారి భార్య.

"మోకాలి చిప్ప పక్కకు జారుతోంది. ఎత్తు మీంచి దూకనివ్వకండి. పాలపళ్ళు ఊడకుండా పక్కనే కొత్తవి వస్తున్నాయి, వాటి మీదా ఓ కన్నెయ్యాలి. దగ్గు ఉందా, బాతు అరిచినట్టు?"

"ఉందమ్మా."

"గాలిగొట్టం మెత్తగా ఉంటుంది వీటికి. మెడపట్టీ దాన్ని నొక్కేస్తుంది. ఛాతీకి చుట్టుకునేది వాడాలి."

మాస్టారు నుదురు తుడుచుకున్నారు. "పైకి నీటుగానే ఉంది గానీ తల్లీ, లోపల లైనింగంతా విప్పి కుట్టాల్సిన సరుకులా ఉందే!"

డాక్టరమ్మ నవ్వుతూ మెడపట్టీ విప్పింది. "ఈ దారమేంటి?"

"తిండి పెట్టామని గుర్తు."

"మరి విప్పేదెవరు?"

షాపులో దారం కట్టడమే ముగ్గురి పనీ. బట్ట తీసుకెళ్ళినవాడే ఇంటికి పోయి తెంపుకుంటాడు. ఇన్నేళ్ళలో ఆ ముగ్గురిలో ఒక్కరూ ఒక్క ఎర్రదారం విప్పి ఎరగరు.

"నిన్న పొద్దున కట్టాను," అంది భార్య, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"అంటే నిన్నట్నుంచీ పస్తా!" బామ్మర్ది గోడకు చేరగిలబడ్డాడు.

వేళ్ళు నాకిన ఆ చిన్న నాలుక, తను తిట్టిన తిట్టు మాస్టారికి గుర్తొచ్చాయి.

సాయంత్రానికి బొత్తాం లేచి డాక్టరమ్మ చెప్పు కొరికింది. ఇంటికొచ్చాక మాస్టారు ఆ చేతుల్లేని కోటును పక్కన పడేసి, ముందు దాని ఛాతీ కొలిచారు. లోపలివైపు మెత్తటి అస్తరు వేసి పట్టీ కుట్టారు. చంక దగ్గర పట్టేస్తోందని విప్పి మళ్ళీ కుట్టారు. పెళ్ళికొడుకు సూటుకు కూడా ఆయన అన్ని ట్రయల్స్ వెయ్యలేదు.

"పాపకు చెప్పొద్దు బావా," అన్నాడు బామ్మర్ది. "బొత్తానికి మాటలు రావుగా."

"నాకొచ్చుగా," అంది అక్క.

కూతురు తిరిగొచ్చేసరికి బొత్తాం గిన్నె పక్కన మేకుకు ఎర్రదారాలు వేలాడుతున్నాయి, కింద కత్తెర ఉంది.

"ఇవేంటి మామయ్యా?"

మామయ్య ఇస్త్రీపెట్టెకు మొహం చూపించాడు. మాస్టారే ముందుకొచ్చారు. "అవి దాని భోజనాలు. పెట్టిన వాళ్ళు ఒకటి తెంపాలి. దారం వేలాడుతోందంటే, ఇంకా పెట్టాలన్నమాట." ఆ తర్వాత జరిగిందంతా చెప్పారు, తిండిపోతు అని తిట్టడంతో సహా.

కూతురు బొత్తాన్ని ఎత్తుకుని వెళ్ళిపోయింది. అటు తర్వాత నెలంతా అది షాపుకు రాలేదు. మాస్టారు మిషను రెండు కాళ్ళతో తొక్కారు. కుట్టు వంకరపోయింది.

కూతురు మళ్ళీ ఊరెళ్ళే రోజు వచ్చింది. వీధిలో ఆటో ఆగిన చప్పుడు. మాస్టారు తలెత్తలేదు, మిషను గిరగిరా తొక్కేస్తున్నారు. కత్తిరింపుల బల్ల మీద చేతిసంచి దించిన శబ్దం. కూతురు మేకు వైపు చూసింది. కొత్త దారాలు ముందే వేలాడుతున్నాయి.

"నేను తెస్తానని నీకెవరు చెప్పారు నాన్నా?"

"నాకేం తెలుసు? పనిలో ఉన్నా, విసిగించకు."

కూతురు వంగి మిషను కేసి చూసి, బొత్తాన్ని తీసి ఆయన పాదం మీద పడుకోబెట్టింది.

"పనిలో ఉంటే ముందు సూదిలో దారం ఎక్కించుకో," అంది.

రాసింది: చేతికుట్టు అత్తయ్య. వయసు అరవై తొమ్మిది. ఇప్పుడుండేది ఆ టైలరు షాపు పైగదిలో.