ఊట లేని చోటు

పారకు అంటుకుని ఎండిపోయిన బంకమట్టిని పెంకుముక్కతో గీకుతూ మత్‌నజర్ ఒక చెవి ఇంట్లోకి వేసి ఉంచాడు. లోపల భార్య బీకజాన్ దగ్గుతోంది. దగ్గు ఆగితే గీకడం ఆగేది, మళ్లీ వినిపిస్తే చెయ్యి కదిలేది. మనిషి కొంచెం గూని. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చెవులు కప్పే గొర్రెతోలు టోపీ, ఏ సబ్బుకూ లొంగని గోళ్ల నలుపు. మరుగుదొడ్ల గోతులు తవ్వడం అతని పని. అము నది ఇసుకలో ఇంకిపోయే మా వైపున అది తేలిక పని కాదు. అయినా పెళ్లి విందుల్లో అతన్ని తక్కువవాళ్ల చోటైన తలుపు పక్కనే కూచోబెట్టేవారు. అతనూ ఏమీ అనుకోకుండా అక్కడే కూచుని అందరికంటే ఎక్కువ పలావు లాగించేవాడు.

మా నేల చౌడు నేల. చలి తగ్గగానే పొలాలన్నిటికీ కాలవ నీళ్లు వదిలి ఉప్పు కడుగుతాం. దాంతో కింది ఊట పైకి లేస్తుంది. ఆకులు రాలే రోజుల్లో నేల పొడిగా ఉందని మురిసిపోయి లోతుగా తవ్వుకున్న గోతులన్నీ అప్పుడు పొంగి పెరట్లోకి వస్తాయి. ఈ తప్పు ఊళ్లో ప్రతి ఇల్లూ ఒకసారైనా చేసింది. చేశాకే మత్‌నజర్‌కు కబురు పెట్టింది.

బీకజాన్ మా వైపు పిల్ల కాదు, పొడి కొండల నుంచి వచ్చింది. కాపురానికొచ్చిన ఏడాదే మామగారు పోయారు. భూమిలో పెడితే ఊట తేలుస్తుందని మేం నేల మీదే ఇటుకలతో చిన్న గది కట్టి పోయినవాళ్లను అందులో పడుకోబెడతాం. అది చూసొచ్చి ఆమె మొగుడితో అంది: "మీ ఊళ్లో చచ్చినవాళ్లను అల్మారాల్లో పెడతారా? నన్ను మాత్రం మట్టిలో పెట్టు, మా అమ్మను పెట్టినట్టు." మత్‌నజర్ నవ్వి సరేనన్నాడు. కొత్త పెళ్లికొడుకులు దేనికైనా సరేనంటారు. తర్వాత నవ్వు పోయి ఆ మాట ఒక్కటే మిగిలింది. ఏ పెరట్లో తవ్వినా, అడుగున నీళ్లు మెరవగానే అతను పార ఆపి కాసేపు అలా చూస్తూ ఉండిపోయేవాడు. ఇంటివాళ్లు బద్ధకం అనుకునేవారు.

సాయంత్రం అతను ఇంటికొచ్చేసరికి బీకజాన్ పెనంలో ఇస్రిక్ ఆకు రాజేసి గుమ్మం దగ్గర నిలబడేది. ఒంటి కంపు, దిష్టి రెండూ పోయేలా అతని చుట్టూ పొగ తిప్పుతూ అడిగేది: "నీళ్లు పడ్డాయా?"

"పడ్డాయి."

"సరే, చేతులు కడుక్కో."

ముసలితనం రాగానే అందరిలాగే అతనూ పోయాక కట్టే గదులకు ఇటుకలు తెప్పించి గోడవారన పేర్చాడు. బీకజాన్ వాటి మీద మిరపకాయలు ఎండబెట్టేది. "ఇవి నీకు. నాకు కాదు," అనేది. ఈ చలికాలం ఆమె మంచం పట్టింది. పట్నం ఆసుపత్రి వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పొగ వేసే పని పక్కింటి అనాబీబీకి అప్పగించింది గాని, అడిగే పని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

"ఇవాళ ఎవరింటికి?" అంది ఆ పొద్దున.

"అతాజాన్ ఇంటికి. కూతురి పెళ్లి పెట్టుకున్నాడు."

"చూసి చెప్పు."

"పొలాల్లో నీళ్లు నిలబెట్టారే. ఈ రోజుల్లో ఏం చూడమంటావ్?"

"చూడమన్నాగా," అని ఆమె గోడవైపు తిరిగింది.

అతాజాన్ పత్తి లారీ డ్రైవరు. అతని ఇల్లు ఊరి చివర, ఎడారి మొదలయ్యే చోట ఉంది. ఇంటి వెనక పెద్ద ఇసుక దిబ్బ. దిబ్బ కింద చేతిపంపు, పంపు దగ్గర అతని భార్య క్యారెట్లు కడుగుతోంది.

"మామా, దిబ్బ మీద తవ్వెయ్. నీ బంకమట్టి గోల ఉండదు, ఊటా ఉండదు," అన్నాడు అతాజాన్.

మత్‌నజర్ తవ్వాడు. ఇసుక జారకుండా రెల్లు చాపలు అంచుల వెంట దిగేస్తూ మోకాలి లోతు తవ్వాడు, తర్వాత నడుం లోతు. నిలువెత్తు దిగాక అడుగున అరచేయి ఆనించి చూశాడు. చల్లగా ఉంది గాని తడి లేదు. చుట్టూ పొలాలన్నీ చెరువులై ఉన్న రోజుల్లో ఇది పొడి నేల. అతను గోతిలోనే చతికిలబడ్డాడు. అతనికి ఏడుపొచ్చింది. ఎన్నేళ్లుగానో వెతుకుతున్నది ఒకడి మరుగుదొడ్డి కోసం తవ్వుతుంటే దొరికింది.

పైకొచ్చి బకెట్ నీళ్లు తెమ్మని గోతిలో పోశాడు. బకెట్ కింద పెట్టేలోగా నీళ్లు ఇంకిపోయాయి.

"ఎంత బాగా తాగుతోందో. నా మనవలు ముసలాళ్లయినా నిండదు," అన్నాడు అతాజాన్.

"తాగింది ఎక్కడికి పోతుందిరా?" మత్‌నజర్ పంపు వైపు చూశాడు. "ఇసుక దేన్నీ ఆపదు. పైన నీ వియ్యాలవారు విడిచింది కింద నీ పెళ్లాం చాయ్‌కి పట్టుకుంటుంది."

అతాజాన్ భార్య చేతిలో క్యారెట్ ఆగిపోయింది.

"మరి ఎక్కడ పెట్టమంటావ్?"

"పంపుకు దూరంగా, పొలం గట్టు దగ్గర. నడుమెత్తు మట్టి పోసి, పైన బంకమట్టితో తొట్టి కట్టి, రోజూ బూడిద చల్లుకుంటే సరి."

"మెట్లెక్కి పోవాలా? మా వియ్యంకుడు ఖాన్‌గారిలా కొలువుతీరి కూచుంటే ఊరంతా చూడాలా?"

"తడక కడతాలే. టోపీ ఒక్కటే కనిపిస్తుంది." మత్‌నజర్ దిబ్బ వైపు తిరిగాడు. "ఈ దిబ్బ మాత్రం నాకు వదిలెయ్."

"ఓహో. పంపు పేరు చెప్పి దిబ్బ కొట్టేద్దామని."

మత్‌నజర్ ఖాళీ బకెట్ బోర్లించాడు. ఇసుక తగిలిన ప్రతి చోటా అతను బకెట్ పోసి చూస్తాడు, అది నిజమే. కానీ ఇవాళ నీళ్లు ఇంకిపోతుంటే గుండెలో సంతోషం కలిగిన మాటా నిజమే. ఏది ఎంతో అతనికే తెలియలేదు.

"మీ అత్తకిరా. మాటిచ్చాను," అన్నాడు చివరికి.

అతాజాన్ వెక్కిరింపు ఆపేశాడు. తల గోక్కుని, "నాదా ఏంటి మామా, ఊరి దిబ్బ. తీసుకో," అన్నాడు.

మత్‌నజర్ గట్టు దగ్గర ముగ్గు పోసి, నాలుగు తట్టల మట్టి వేసి, మిగతా పని రేపన్నాడు. చాయ్ కూడా తాగకుండా ఇంటికి బయల్దేరాడు. దారంతా ఒకే మాట. ఇన్నేళ్లలో మొదటిసారి వేరే జవాబు చెప్పబోతున్నాడు. బీకజాన్ నమ్మదు, పరాచికాలాడకు అంటుంది. అప్పుడు బూట్లలో చేరిన ఇసుక ఆమె చేతిలో పోసి చూపిస్తాడు.

గుమ్మం దగ్గర పొగ లేదు. అనాబీబీ వట్టి చేతులతో నిలబడి ఉంది. మత్‌నజర్ పార గోడకు ఆనించాడు.

వాకిట్లో మగవాళ్లు గోడవారన ఉన్న ఇటుకలు గాడిద బండికి ఎక్కిస్తున్నారు.

"దించండి," అన్నాడు అతను.

ముల్లా దగ్గరికొచ్చాడు. "మత్‌నజర్, పొలాల నిండా నీళ్లు. ఊట తేలుస్తుందయ్యా."

"తేల్చదు. ఇవాళే చూసొచ్చాను."

నేల విషయంలో అతని మాటకు ఎదురు చెప్పే అలవాటు మా ఊళ్లో ఎవరికీ లేదు. తలుపు పక్కన కూచోబెట్టినవాళ్లే ఇటుకలు ఒక్కొక్కటీ దించి మళ్లీ గోడవారన పేర్చారు.

అతను లోపలికెళ్లి మంచం పక్కన నేల మీద కూచుని బూట్లు విప్పాడు. గుప్పెడు ఇసుక ఆమె చల్లని అరచేతిలో పోసి వేళ్లు మూశాడు.

"పడలేదే," అన్నాడు. "నీళ్లు పడలేదు."

మర్నాడు పొద్దున మేమంతా గట్ల మీదుగా జారుతూ ఆమెను దిబ్బ మీదికి మోసుకెళ్లాం. మరుగుదొడ్డి కోసం మొదలెట్టిన గోతిలో పెట్టడానికి అతనికి మనసొప్పలేదు. దాన్ని పూడ్చేసి, కాస్త పక్కగా తెల్లవారకముందే కొత్తది తవ్వాడు. మేం వెళ్లేసరికి అతాజాన్ రెల్లు చాపలు పట్టుకుని అందులో నిలబడి ఉన్నాడు.

ఇటుకలు ఇప్పటికీ ఆ గోడవారనే ఉన్నాయి. అడుగు వరసకు తెల్లగా చౌడు పూసింది. పై వరస సందుల్లో నిరుటి మిరపగింజలు ఇంకా ఉన్నాయి.