బ్రేకు మీద కాలు

కార్ల వీడియో గేమును చేతి కంట్రోలర్ మీద ఆడినన్నాళ్లూ భారతికి ఎదురు లేదు. ఎంత వంకర మలుపైనా రెండు బొటనవేళ్లతో తిప్పేసేది. ఆ ఆన్‌లైన్ కార్ల పోటీలో ఆమె, తమ్ముడు వంశీ కలిసి ‘కొత్తవాడ జోడి’ అని టీము పెట్టి నాలుగేళ్లయింది. వంశీ పోయి ఎనిమిది నెలలు. జ్వరమని దవాఖానలో చేర్చిన నాలుగో రోజే పోయాడు. టీములో అతని పేరు ఇంకా అలాగే ఉంది.

ఈసారి పోటీవాళ్లు కొత్త నియమం పెట్టారు. ఇక స్టీరింగు, పెడల్స్ మీదే ఆడాలి. శనివారం సాయంత్రం ఆరింటిలోగా టీములో ఒక్కరైనా నిమిషం యాభై రెండు సెకన్లలోపు ఒక చుట్టు తిరగాలి. లేకపోతే ఆ టీము పేరు కొట్టేస్తారు.

భారతి రోజూ మధ్యాహ్నం దాకా జంపఖానాలు నేస్తుంది. గుంత మగ్గంలో కూర్చుని పదిహేనేళ్లుగా కాలిచెక్కలు తొక్కుతున్న మనిషి. అందుకే బుధవారం హన్మకొండలో ఓంప్రకాశ్ నడిపే గేమింగ్ సెంటర్‌లో స్టీరింగు ముందు కూర్చుంటూనే ధీమాగా అన్నది.

“పెడల్స్ ముచ్చట నాకు చెప్పకన్నా. నా కాళ్లకు పొద్దంత గదే పని.”

మొదటి మలుపులోనే కారు జారిపోయి గోడను గుద్దింది.

“గోడ గట్టిగనే ఉన్నదా చెల్లె?” అన్నాడు ఓంప్రకాశ్.

ఆ రోజు రెండు నిమిషాల పైనే పట్టింది. శుక్రవారానికి నిమిషం యాభై ఆరుకు దిగింది గానీ, అక్కణ్ణుంచి కదల్లేదు.

“బ్రేకు తొక్కి అట్లనే పట్టుకుంటానవ్. చక్రాలు బిగుసుకపోతానయ్,” అన్నాడతను.

ఆ సంగతి భారతికీ తెలుసు. కాలే వినడం లేదు. మగ్గం మీద చెక్కను అడుగంటా తొక్కాలి. సగం తొక్కితే పడుగు పోగులు విచ్చుకోవు, వాటి మధ్య దూరాల్సిన నాడె చిక్కుకుంటుంది. ఈ బ్రేకేమో అంత కిందికి దిగదు. కాలు ఎంత బలం పెట్టిందో అంతే లెక్క చూసుకుంటుంది.

“నా మాటిను. ఈడికొచ్చే పోరల్ల ఒకన్ని టీముల ఏస్కో. నిమిషం యాభైల కొట్టెటోళ్లున్నరు.”

“వంశీ జాగలనా?”

ఓంప్రకాశ్ వంగి పెడల్స్ సర్దాడు.

“ఫికర్ జేయకన్నా. రేపు నేనే కొడ్త,” అన్నది భారతి.

శనివారం పొద్దున మగ్గం మీద జంపఖానా అంచు దగ్గరికి వచ్చింది. లావు నూలు అయిపోయి సన్న నూలు మొదలయ్యే చోటు అది. పోగును సర్దడానికి చేత్తో పలకను ముందుకు గుంజి కొడుతున్న భారతి ఆగిపోయింది. లావు నూలుకు బలంగా గుంజిన చెయ్యి, సన్న నూలు రాగానే ఎవరూ చెప్పకుండానే బలం తగ్గించింది. మళ్లీ గుంజి చూసింది. బ్రేకు అడుగుతున్నది ఇదే. ఇన్నాళ్లూ అది కాలిచెక్క పని అనుకున్నది. కాదు, పలక పని. చేతికి తెలిసినది కాలికి నేర్పాలి.

చేత్తో పలక గుంజినప్పుడల్లా, ఆటలో బ్రేకు తొక్కే ఎడమ కాలితో గుంత గోడను అంతే బలంగా నొక్కింది. చెయ్యి మెత్తబడినప్పుడు కాలినీ మెత్తబరిచింది. అట్లా చాలాసేపు చేసింది.

పక్క మగ్గం మీది సావిత్రి చూసి నవ్వింది. “ఏందే, గుంత తవ్వుతానవా?”

“బ్రేకు ఏస్తానత్తా.”

“మగ్గానికి బ్రేకేందే పిల్లా! ఉన్న పనే నడుస్తలేదు.”

మధ్యాహ్నం సెంటర్‌లో మొదటి చుట్టుకే నిమిషం యాభై మూడున్నర వచ్చింది. ఓంప్రకాశ్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. మలుపు రాగానే బలంగా నొక్కడం, కారు తిరుగుతుంటే కొద్దికొద్దిగా వదలడం. కారు ఇప్పుడు చెప్పినట్టు వింటున్నది. అయిదున్నరకు తెరమీద నిమిషం యాభై ఒకటి పాయింట్ ఆరు అని పడింది.

టీముల పట్టికలో ‘కొత్తవాడ జోడి’ పక్కన పచ్చ గుర్తు వచ్చింది. దాని కింద రెండు పేర్లు. భారతి రెండూ చదువుకున్నది.

“కొట్టినవ్ పో! లే చెల్లె, చాయ్ తెప్పిస్త.”

భారతి లేవలేదు. సీటును కాస్త ముందుకు జరుపుకున్నది.

“ఇంకా అర్ధగంట ఉన్నది కదన్నా. రెండో మలుపుల బ్రేకు ఇంక జర తక్కువ పట్టాలె.”